భుజం మీద మూడు రింగులు

మా అన్నయ్య కూతురు అమెరికాలో ఉద్యోగంలో చేరిన మరుసటి ఏడాది నాకో వీడియో పంపింది. విమానం తలుపు తెరిచి ఉంది. ఆ తలుపు అంచున కాళ్ళు కిందికి వేలాడేసుకుని ఇది కూర్చుని ఉంది. వీపుకు ఆనుకుని, పట్టీలతో బిగించి, ఒక శిక్షకుడు. మరుక్షణం ఇద్దరూ మేఘాల్లోకి పడిపోయారు. మా వదిన అక్కడిదాకా చూసి ఫోను బోర్లా పెట్టేసింది. మళ్ళీ ముట్టుకోలేదు. నేను మాత్రం వీడియోని ఒకచోట ఆపి, బొమ్మ పెద్దది చేసి చూశాను. శిక్షకుడి భుజం మీద, పట్టీ మలుపు తిరిగే చోట, మూడు ఇనుప రింగులు కనిపించాయి. పెద్దదానిలోంచి నడిమిది, నడిమిదానిలోంచి చిన్నది. రాత్రి ఫోనులో అవేమిటని అడిగితే, "ఏమో బాబాయ్, నేనసలు చూడనే లేదు" అంది.

చూడకపోవడంలో దాని తప్పేమీ లేదు. ఆ రింగులు పనిచేయాల్సిన అవసరం ఆ రోజు రాలేదు. ఈ అధ్యాయం ఆ రింగుల గురించి, వాటిని కనిపెట్టిన బిల్ బూత్ అనే అమెరికన్ గురించి. పొడుగాటి గడ్డంతో ఋషిలా కనిపించే ఈ మనిషికి అంతర్జాతీయ స్కైడైవింగ్ మ్యూజియం వాళ్ళు తమ హాల్ ఆఫ్ ఫేమ్‌లో చోటిచ్చారు. జీవితమంతా ఒక క్రీడకు చేసిన సేవకు ఆ రంగం ఇచ్చే గౌరవం అది. అయితే బయటి ప్రపంచంలో ఆయన పేరు విన్నవాళ్ళు తక్కువ. ఎంతో ఎత్తు నుంచి దూకినవాళ్ళ పేర్లు పత్రికల్లో వస్తాయి. 1960లో 31 కిలోమీటర్ల ఎత్తు నుంచి దూకిన జోసెఫ్ కిటింజర్, 2012లో 39 కిలోమీటర్ల ఎత్తు నుంచి దూకిన ఫెలిక్స్ బామ్‌గార్ట్‌నర్ చరిత్రలో నిలిచారు. ప్రమాదాన్ని తప్పించే పరికరం చేసినవాడి పనికి సాక్ష్యమేమిటి? ఏమీ జరగకపోవడమే. జరగనిదానికి ఫోటో ఉండదు. అందుకే ఇలాంటివాళ్ళను గౌరవించాలంటే ముందు వాళ్ళు చేసిన వస్తువు ఎలా పనిచేస్తుందో అర్థం చేసుకోవాలని నా నమ్మకం. దండ వేయడం ఆ తర్వాత.

ముందు పడటం గురించి కొంచెం. విమానంలోంచి దూకిన మనిషి వేగం మొదట గబగబా పెరుగుతుంది. కానీ వేగం పెరిగేకొద్దీ ఎదురుగాలి కూడా బలపడుతుంది, అదీ మామూలుగా కాదు. వేగం రెట్టింపైతే గాలి అడ్డు నాలుగు రెట్లవుతుంది. ఒక దశలో గాలి పైకి నెట్టే బలం, మనిషి బరువు సరిసమానమైపోతాయి. అక్కడినుంచి వేగం పెరగదు. బోర్లా పడుకున్నట్టు చేతులు కాళ్ళు చాచి పడే మనిషికి ఈ వేగం గంటకు 200 కిలోమీటర్ల దాకా ఉంటుంది, అంటే సెకనుకు 55 మీటర్లు. దూకిన 10-12 సెకన్లలో అక్కడికి చేరిపోతారు. ఈ చివరి వేగం ఎంతన్నది బరువును గాలికి ఎదురయ్యే వైశాల్యంతో భాగించి, దానికి వర్గమూలం కట్టిన లెక్క మీద ఆధారపడుతుంది. ఈ వర్గమూలం లెక్కను గుర్తుపెట్టుకోండి. ఈ కథలో అది మరో రెండుసార్లు వస్తుంది, ఒకసారి చిక్కు తెచ్చి పరిష్కారం వెతికించడానికి, ఒకసారి ప్రాణం మీదికి తేవడానికి.

వందేళ్ళ కిందట ఈ సంగతి ఎవరికీ సరిగా తెలియదు. పారాచూట్ తెలియక కాదు. ఆంద్రే-జాక్ గార్నెరిన్ 1797లోనే పారిస్‌లో బెలూన్ నుంచి గుడ్డ గొడుగుతో దిగాడు. నడినెత్తిన రంధ్రం లేని ఆ గొడుగు కింద గాలి బయటికి పోయే దారిలేక, అంచుల నుంచి ఒకసారి ఇటు ఒకసారి అటు చిమ్మడంతో గడియారం లోలకంలా ఊగిపోతూ నేలకు చేరాడు. తెలియనిదల్లా, పారాచూట్ తెరవకుండా కొంతసేపు పడితే మనిషి ఏమవుతాడన్నదే. స్పృహ తప్పుతుందని, తాడు లాగే శక్తి కూడా ఉండదని చాలామంది గట్టిగా నమ్మారు. అందుకే విమానానికి కట్టిన తాడే పారాచూట్‌ను లాగి తెరిచే పద్ధతి వాడేవాళ్ళు. 1919 ఏప్రిల్ 28న లెస్లీ ఇర్విన్ అనే సాహసి ఒహాయో రాష్ట్రంలోని మెకుక్ ఫీల్డ్ మీద విమానం నుంచి దూకి, గాలిలో పడుతూ తన చేత్తో తానే తాడు లాగి ఆ భయాన్ని తప్పని తేల్చాడు. కింద దిగేటప్పుడు చీలమండ విరిగింది. స్పృహ మాత్రం ఎక్కడా తప్పలేదు.

ఆ తర్వాత నలభై ఏళ్ళు పారాచూట్ ఎక్కువగా సైన్యానిదే. దాన్ని ఆటగా మామూలు జనానికి చేర్చినవాళ్ళలో జాక్-ఆంద్రే ఇస్టెల్, లూ శాన్‌బోర్న్ ముందువరసలో ఉంటారు. 1959లో మాసచుసెట్స్‌లోని ఆరెంజ్ అనే చిన్న ఊళ్ళో వాళ్ళు తెరిచిన శిక్షణ కేంద్రం అమెరికాలో ఈ ఆటకు మొదటి వ్యాపార కేంద్రం. 1962లో ప్రపంచ పోటీలు ఆ ఊళ్ళోనే జరిగాయి. ఇస్టెల్ జీవితం ఒక్కటే ఒక పుస్తకమవుతుంది. ఇక్కడ చోటు చాలదు.

ఆ రోజుల పారాచూట్‌లు గుండ్రటివి. గాలిని అడ్డగించి, వేగం తగ్గించి, గాలి ఎటు తీసుకెళ్తే అటు దింపేవి. దీన్ని మార్చినవాడు డొమినా జాల్బర్ట్, గాలిపటాలు తయారుచేసే మనిషి. ఆయన 1960లలో రూపొందించిన పారాఫాయిల్ గొడుగు కాదు, గుడ్డతో కుట్టిన విమానం రెక్క. రెండు పొరల గుడ్డ, మధ్యలో అడ్డగోడలు, వరసగా గొట్టాల్లాంటి అరలు, ముందువైపు నోళ్ళు తెరిచి ఉంటాయి. ముందుకు కదులుతుంటే ఆ నోళ్ళలోకి గాలి దూరి, రెక్కను ఉబ్బించి, గట్టిగా నిలబెడుతుంది. ఇప్పుడు మనం వీడియోల్లో చూసే నలుచదరపు పారాచూట్‌లన్నీ దీని సంతానమే. కావాల్సినవైపు తిరగొచ్చు, గాలికి ఎదురు నిలవొచ్చు, నేల దగ్గర పక్షిలా నెమ్మదించి అడుగు పెట్టొచ్చు.

కానీ కొత్త రెక్కతో పాటు కొత్త ప్రమాదమూ వచ్చింది. గుండ్రటి పారాచూట్ సగం చెడినా చాలాసార్లు గాలిని ఎంతోకొంత పట్టుకుని కిందికి దిగుతుంది. రెక్క అలా కాదు. ఒకవైపు తాళ్ళు ముడిపడితే ఆవైపు లేవడం మానేస్తుంది, రెండోవైపు ఎగురుతూనే ఉంటుంది. దాంతో రెక్కా మనిషీ కలిసి గిర్రున తిరగడం మొదలుపెడతారు. వడిసెలలో రాయి పరిస్థితి ఊహించుకోండి. తిరిగేకొద్దీ పట్టీల మీద బరువు పెరుగుతుంది. 100 కిలోల మనిషి తన బరువుకు రెండు మూడు రెట్లు బరువున్నట్టు పట్టీలను లాగుతాడు. రక్తం కాళ్ళలోకి దిగుతుంది, చేయి ఎత్తడమే కష్టమవుతుంది.

అప్పుడు ఆపదకు ఉంచుకునే రెండో పారాచూట్, అంటే రిజర్వ్ పారాచూట్, తెరిస్తే చాలదా అని ఎవరికైనా అనిపిస్తుంది. చాలదు. తిరుగుతున్న చెడ్డ పారాచూట్‌లోకి మంచి పారాచూట్ వెళ్ళి చుట్టుకుంటే రెండూ పోతాయి. ముందు చెడ్డదాన్ని వదిలించుకోవాలి. ఆ తర్వాతే రెండోది. చెడ్డదాన్ని వదిలించుకోవడాన్ని దూకేవాళ్ళు "కటవే" అంటారు. కొన్ని క్షణాల పాటు మనిషికీ నేలకీ మధ్య ఏ గుడ్డా లేకుండా పోయే పని అది. చేయడానికి గుండె కావాలి. అంతకంటే ముందు, చేతికి లొంగే యంత్రం కావాలి.

1970ల దాకా ఆ యంత్రం సైన్యం నుంచి వచ్చిన కేప్‌వెల్ అనే లోహపు గొళ్ళెం. రెండు భుజాల మీదా ఒక్కొక్కటి. ముందు రెండు మూతలు తెరవాలి. లోపలున్న తీగ ఉచ్చుల్లో రెండు బొటనవేళ్ళు దూర్చాలి. రెండూ ఒకేసారి బలంగా లాగాలి. తరగతి గదిలో నిలబడి ఇది చేయడం సులువే. గాలిలో బొంగరంలా తిరుగుతూ, చేతికి గ్లోవ్స్ ఉండి, ఒక గొళ్ళెం ఊడి రెండోది ఊడకపోతే? ఒక భుజం నుంచి మాత్రమే వేలాడే పారాచూట్ అంతకు ముందున్నదానికంటే ఘోరం. పైకి చూస్తూ, మూతలు తడుముకుంటూ, ఎత్తు కరిగిపోవడం గమనించనివాళ్ళు ఉన్నారు.

బిల్ బూత్ ఫ్లోరిడాలో పారాచూట్ కట్లు తయారుచేసేవాడు. గాలిలో జట్టుగా ఆకారాలు కట్టే ఆటను అప్పట్లో రిలేటివ్ వర్క్ అనేవాళ్ళు. ఆ పేరు మీదే ఆయన కంపెనీ రిలేటివ్ వర్క్‌షాప్ అయింది. డీలాండ్ అనే ఊళ్ళో నడిచే ఆ కంపెనీ ఇప్పుడు యునైటెడ్ పారాచూట్ టెక్నాలజీస్. 1970ల మధ్యలో ఆయన కేప్‌వెల్‌కు బదులు తెచ్చినదే మూడు రింగుల పద్ధతి. స్ప్రింగు లేదు, గొళ్ళెం లేదు, మర లేదు. మూడు రింగులు, ఒక దారపు ఉచ్చు, ఒక తీగ, అంతే.

దాన్ని అర్థం చేసుకోవడానికి మన ఇళ్ళల్లో అమ్మమ్మలు వక్కలు కత్తిరించే అడకత్తెర చాలు. అడకత్తెరకు ఒక చివర కీలు ఉంటుంది. వక్కను కీలు పక్కనే పెడతారు. చేయి దూరంగా, పిడి చివర ఉంటుంది. అందుకే చేత్తో కొంచెం నొక్కితే వక్క మీద చాలా బలం పడుతుంది. ఇదే సంగతిని తిరగేసి చూడండి. వక్క ఎంత గట్టిగా కత్తిని పైకి తన్నినా, పిడి చివర దాన్ని ఆపడానికి కొంచెం బలం చాలు.

ఇప్పుడు రింగులకు వద్దాం. పెద్ద రింగు మనిషి ఒంటికి బిగించే కట్టుకు, అంటే హార్నెస్‌కు, కుట్టి ఉంటుంది. పారాచూట్ నుంచి దిగిన పట్టీని రైజర్ అంటారు. దాని చివర నడిమి రింగు ఉంటుంది, దానికి కొంచెం పైన చిన్న రింగు. నడిమి రింగును పెద్ద రింగులోంచి దూర్చి, పైకి మడిచి, పట్టీకి ఆనిస్తారు. అంటే నడిమి రింగు ఒక అడకత్తెర. కీలు పట్టీ దగ్గర, వక్కలాగా నొక్కేది పెద్ద రింగు, పిడి చివర పై అంచు. ఆ పై అంచును పట్టి ఉంచేది చిన్న రింగు. దాన్ని నడిమి రింగులోంచి దూర్చి, మళ్ళీ పైకి మడుస్తారు. అది రెండో అడకత్తెర. చిన్న రింగు పై అంచును పట్టి ఉంచేది దారపు ఉచ్చు. ఆ ఉచ్చు పట్టీలో ఉన్న చిన్న రంధ్రంలోంచి వెనక్కి వెళ్తుంది. అక్కడ దాని కొసలోంచి నైలాన్ పూత ఉన్న పసుపుపచ్చ తీగ దూరి ఉంటుంది. మొదటి అడకత్తెర పిడి రెండోదానికి వక్క అయింది. రెండోదాని పిడిని ఉచ్చు పట్టుకుంది. ఉచ్చును తీగ పట్టుకుంది.

ఒక్కో మెట్టులో బలం ఎంత తగ్గుతుందో చూడటానికి ఒక లెక్క ఊహించుకుందాం. ఒక భుజం మీద 150 కిలోల లాగుడు ఉందనుకోండి. ఒక్కో రింగు దగ్గర అది ఆరో వంతుకు తగ్గుతుందనుకోండి. నడిమి రింగు పై అంచు దగ్గర 25 కిలోలే మిగులుతాయి. చిన్న రింగు పై అంచు దగ్గర నాలుగు కిలోల చిల్లర. ఉచ్చు రంధ్రంలోంచి మడత తిరిగి వెళ్ళడంతో మరికొంత తగ్గుతుంది. చివరికి తీగ మీద పడేది పిల్లలు మోసే బరువు. అసలు పరికరంలో ఈ నిష్పత్తి రింగుల కొలతల మీద ఆధారపడుతుంది. కానీ సూత్రం ఇదే. తగ్గింపులు ఒకదాని మీద ఒకటి కూడవు, గుణించుకుంటాయి. ఒక్క రింగుతో సాధ్యం కానిది మూడింటితో అందుకే సాధ్యమైంది.

కుడివైపు ఛాతీ దగ్గర ఒక మెత్తటి పిడి ఉంటుంది. దాన్ని లాగితే రెండు భుజాల తీగలూ ఒకే చేతిలోకి వస్తాయి. తీగ ఉచ్చు నుంచి జారుతుంది. ఉచ్చు వదులుతుంది, చిన్న రింగు తిరగబడుతుంది, నడిమి రింగు తిరగబడుతుంది, పట్టీ వెళ్ళిపోతుంది. కంటికి అందని వేగంతో జరిగిపోతుంది ఇదంతా. మనిషిని గిర్రున తిప్పుతున్న బలమే రింగులను తిప్పి వదిలించే బలం కూడా. నాకు ఈ పరికరంలో అన్నిటికంటే నచ్చే సంగతి ఇది. ప్రమాదాన్ని బలంతో ఎదుర్కోవాలని చూడకుండా, దాని బలాన్నే పనికి పెట్టుకున్నాడు బూత్.

సులువైన పరికరమంటే శ్రద్ధ అక్కర్లేని పరికరమని కాదు. రింగు తప్పు వరసలో దూర్చినా, ఉచ్చు పొడవు తేడా వచ్చినా, అడకత్తెర లెక్క తప్పుతుంది. రింగులు మరీ చిన్నవి చేస్తే కీలుకీ పిడికీ దూరం తగ్గి, తీగ మీద బరువు పెరుగుతుంది. తాళ్ళు మెలిపడితే పట్టీ మెలికలో తీగ ఇరుక్కోకుండా ఉండటానికి తర్వాతి రోజుల్లో తీగ దారికి గట్టి గొట్టాలు పెట్టారు. దూకినా దూకకపోయినా నెలకోసారి రింగులు విప్పి, పట్టీని చేత్తో బాగా వంచి, తీగను తుడిచి, మళ్ళీ కట్టాలన్నది నియమం. ఎక్కువ రోజులు ఒకే మడతలో ఉన్న పట్టీ ఆ ఆకారాన్నే పట్టుకుంటుంది. మడత తీరని పట్టీలో రింగు తిరగడానికి బద్ధకిస్తుంది.

రింగుల పేరు మోగినంతగా మోగనిది బూత్ ఇంకో ఆలోచన. ప్రధాన పారాచూట్‌ను సంచిలోంచి బయటికి లాగడానికి పైలట్ చూట్ అనే చిన్న పారాచూట్ ఉంటుంది. పాత పద్ధతిలో అది వీపు మీది సంచిలోంచి స్ప్రింగుతో ఎగిరి బయటికి వచ్చేది. వీపు వెనక గాలి ఎలా ఉంటుందో తెలియాలంటే ఎండాకాలం రోడ్డు మీద వేగంగా పోయే బస్సు వెనక చూడండి. ఎండుటాకులు, కాగితాలు బస్సు వెనకే సుడులు తిరుగుతూ, కాసేపు బస్సుతోనే ప్రయాణం చేస్తాయి. పడుతున్న మనిషి వీపు మీద కూడా అలాంటి సుడిగాలి గూడు ఉంటుంది. స్ప్రింగుతో ఎగిరిన చిన్న పారాచూట్ ఆ గూట్లో చిక్కుకుని, గాలి అందక, వీపు మీదే నాట్యం చేసేది. ఒక్కో సెకనుకు 55 మీటర్ల ఎత్తు ఖర్చు. బూత్ ఆ స్ప్రింగును తీసేశాడు. చిన్న పారాచూట్‌ను మడిచి జేబులో పెట్టి, చేత్తోనే పక్కకు విసిరేలా చేశాడు. చేయి చాచిన దూరంలో గాలి సుడులు లేకుండా సూటిగా వీస్తుంది. వదలగానే పట్టుకుంటుంది. తాడు బిగుసుకుని, సంచి పిన్నును తీసి, ప్రధాన పారాచూట్‌ను లాగుతుంది. ఇప్పటి ఆటగాళ్ళలో చాలామంది నడుము కింద జేబులోంచి విసిరేది ఇదే.

మొదట చెప్పిన వర్గమూలం లెక్క ఇక్కడ మళ్ళీ వస్తుంది. ఆరెంజ్ రోజుల్లో కొత్తవాడు మొదటిసారే ఒంటరిగా దూకేవాడు. కొన్ని గంటల పాఠం, తర్వాత విమానం, తర్వాత తాడు పారాచూట్‌ను తెరుస్తుందన్న నమ్మకం. శిక్షకుడు కొత్తవాణ్ణి తన ముందు కట్టుకుని దూకితే? 1980ల మొదట్లో ఫ్లోరిడాలోనే బూత్, టెడ్ స్ట్రాంగ్ అనే మరో తయారీదారు వేర్వేరుగా ఈ దారి పట్టారు. కానీ ఒకరి మీద ఒకరు కట్టుకున్న ఇద్దరు మనుషుల బరువు రెట్టింపు, కింద గాలికి ఎదురయ్యే వైశాల్యం దాదాపు ఒక్కరిదే. రెండుకు వర్గమూలం 1.41. అంటే 200 కాస్తా గంటకు 280 కిలోమీటర్లు. ఆ వేగంలో పారాచూట్ తెరిస్తే గుడ్డ చిరుగుతుంది, లేకపోతే మనుషులకు దెబ్బ తగులుతుంది. పరిష్కారంగా డ్రోగ్ వచ్చింది. మనిషి చేతులు చాచినంత వెడల్పుండే చిన్న పారాచూట్‌ను దూకిన కాసేపటికే వెనక్కి విసిరితే, అది తోకలా లాగుతూ ఇద్దరినీ ఒక్క మనిషి వేగానికే తెచ్చి ఉంచుతుంది. మా అన్నయ్య కూతురి వీడియోలో పైన కనిపించే చిన్న గొడుగు అదే. అమెరికా విమానయాన సంస్థ ఈ జంట దూకుడును 2001 దాకా ప్రయోగంగానే చూసింది. ఇప్పుడు ప్రపంచంలో మొదటిసారి దూకేవాళ్ళలో ఎక్కువమంది ఇలాగే దూకుతున్నారు.

ఆ దారి ఎవరికి తలుపు తెరిచిందో చెప్పడానికి ఒక్క ఉదాహరణ. రెండో ప్రపంచయుద్ధంలో, 1944లో, చిచీజిమా దీవి దగ్గర విమానం దెబ్బతిని పారాచూట్‌తో దూకి బతికిన కుర్రవాడొకడు తర్వాత అమెరికా అధ్యక్షుడయ్యాడు. ఆయన పెద్ద జార్జ్ బుష్. 2014లో, తన 90వ పుట్టినరోజున, నడవలేక చక్రాల కుర్చీలో ఉన్న ఆయన మెయిన్ రాష్ట్రంలోని తన ఇంటి దగ్గర శిక్షకుడికి కట్టుకుని మళ్ళీ దూకాడు. అదే ఏడాది అక్టోబర్‌లో ఆలన్ యూస్టస్ 41,419 మీటర్ల ఎత్తు నుంచి దూకినప్పుడు ఆయన పారాచూట్ ఏర్పాట్లలో బూత్ స్థాపించిన కంపెనీ చేయి ఉంది. చక్రాల కుర్చీకీ అంతరిక్షపు అంచుకీ ఒకే కార్ఖానా సరుకు అందించిందన్నమాట.

మన దేశంలోనూ ఈ ఆటను గౌరవించిన సందర్భాలు లేకపోలేదు. మన వైమానిక దళం 1987లో ఆగ్రాలో ఆకాశగంగ అనే స్కైడైవింగ్ జట్టును మొదలుపెట్టింది. భారతదేశపు తొలి మహిళా స్కైడైవర్ రేచల్ థామస్ 2002లో ఉత్తర ధ్రువం మీద దూకారు. 2005లో ఆమెకు పద్మశ్రీ వచ్చింది. దూకిన మనిషికి పద్మం రావడం ఎంతో సంతోషం. పారాచూట్ కుట్టే చేతికి, మడిచే చేతికి కూడా అలాంటి రోజు రావాలని ఆశ.

బూత్ రింగుల దగ్గర ఆగిపోలేదు. కటవే చేశాక రిజర్వ్ తెరవడానికి ఇంకో పిడి లాగాలి. ఒత్తిడిలో ఆ రెండో పిడి వెతుక్కోలేక పోయినవాళ్ళున్నారు. అమెరికా పారాచూట్ సంఘం సూచన ప్రకారం అనుభవజ్ఞులైనా 1,800 అడుగుల ఎత్తుకు దిగేలోపు నిర్ణయం తీసేసుకోవాలి. పారాచూట్ తెరుచుకోకుండా పడుతున్నప్పుడు ఆ ఎత్తు పది సెకన్లే. వెళ్ళిపోతున్న ప్రధాన పారాచూట్‌కు ఒక తాడు కట్టి, అది పోతూ పోతూ రిజర్వ్ పిన్నును లాగేలా చేసే ఏర్పాటు అంతకు ముందే ఉంది. బూత్ 2000ల మొదట్లో తెచ్చిన స్కైహుక్‌తో అది ఇంకో అడుగు ముందుకు వెళ్ళింది. పోతున్న పారాచూట్ పిన్ను లాగి ఊరుకోదు, రిజర్వ్‌ను సంచితో సహా బయటికి లాగి మరీ పోతుంది. ప్రాణం తీయబోయిన గుడ్డే ఆఖరి పనిగా ప్రాణం నిలిపే గుడ్డను తెరుస్తుంది. రింగుల్లో చూసిన ఆలోచనే ఇక్కడా ఉంది, ఎదురొచ్చిన బలాన్ని పనికి పెట్టుకోవడం.

ఇంత చేసిన మనిషి ఒక చేదు మాట కూడా చెప్పాడు. స్కైడైవర్లు దాన్ని బూత్ రెండో సూత్రం అంటారు. పరికరాలు ఎంత భద్రంగా తయారైతే దూకేవాళ్ళు అంత ఎక్కువ సాహసానికి తెగిస్తారని, చావుల లెక్క మాత్రం కదలకుండా ఉండిపోతుందని దాని సారం. సరదాగా అన్నట్టున్నా ఇందులో నొప్పి ఉంది. జీవితమంతా జనాన్ని కాపాడే వస్తువులు చేసి, ఆ వస్తువులే వాళ్ళకు తెగింపునిస్తున్నాయని చూడాల్సి రావడం చిన్న బాధ కాదు. ఆర్థికవేత్త శామ్ పెల్ట్‌జ్‌మన్ 1975లో కార్ల గురించి ఇదే వాదం చేశాడు. సీటు బెల్టు వచ్చాక డ్రైవర్లు ఇంకా దూకుడుగా నడుపుతారని, ఆ లాభాన్ని అలా తినేస్తారని అన్నాడు. రోడ్డు వెడల్పు చేసిన ఏడాదికి మలుపు దగ్గర ఏం జరుగుతుందో మన ఊళ్ళల్లోనూ చూశాం.

స్కైడైవింగ్‌లో ఆ తెగింపు ఏ రూపంలో వచ్చిందో చూస్తే వర్గమూలం లెక్క మూడోసారి వస్తుంది, ఈసారి ప్రాణం మీదికి. పారాచూట్ తెరుచుకుంటుందన్న భరోసా పెరిగాక ఆటగాళ్ళు చిన్న రెక్కల వైపు వెళ్ళారు. బరువు అదే, రెక్క వైశాల్యం సగం చేస్తే, వేగం మళ్ళీ 1.41 రెట్లు. నేలకు దగ్గరలో పదునుగా మలుపు తిరిగి, ఆ ఊపుతో గడ్డి మీదుగా దూసుకుపోవడం ఒక పోటీ ఆటగా మారింది. వేగం గంటకు 100 కిలోమీటర్లు దాటుతుంది. చూడటానికి కన్నుల పండువే. మలుపు తిరిగే ఎత్తు కొద్దిగా తప్పితే మాత్రం, చక్కగా తెరుచుకున్న పారాచూట్ కిందే మనిషి నేలకు కొట్టుకుంటాడు. అలా పోయినవాళ్ళు తక్కువమంది కాదు. మూడు రింగులు వాళ్ళ భుజాల మీద చెక్కుచెదరకుండా ఉన్నాయి. వాటి అవసరమే రాలేదు.

మరి సూత్రం నిజమైందా? అమెరికా పారాచూట్ సంఘం లెక్కలు చూద్దాం. 1970లలో అక్కడ ఏడాదికి సగటున 42 మందికి పైగా ఈ ఆటలో చనిపోయేవాళ్ళు. 2021లో 35 లక్షలకు పైగా దూకుళ్ళకు చనిపోయినవాళ్ళు 10 మంది. లెక్క కదలకుండా ఏమీ ఉండలేదు, బాగా దిగింది. జర్మనీలో హెల్ముట్ క్లాత్ తయారుచేసిన సైప్రెస్ అనే పరికరం 1991 నుంచి ఇందుకు చాలా సాయం చేసింది. సుమారు 225 మీటర్ల ఎత్తులోనూ మనిషి సెకనుకు 35 మీటర్లకు మించిన వేగంతో పడుతుంటే, స్పృహలో లేడనో తడబడ్డాడనో అర్థం చేసుకుని రిజర్వ్ సంచి ఉచ్చును తానే కోసేస్తుంది. కానీ యంత్రం ఒక్కటే ఇంత తగ్గించిందని నేననుకోను. చిన్న రెక్కకు మారేముందు పెద్ద రెక్క మీద ఎన్నో దూకుళ్ళు చేయించే శిక్షకులు, నేలకు దగ్గరలో మలుపు గురించి కుర్రవాళ్ళను కసిరే పెద్దలు, ప్రతి ప్రమాదాన్నీ దాచకుండా ఎందుకు జరిగిందో రాసి నలుగురికీ చెప్పే అలవాటు ఉన్నాయి. బూత్ చెప్పింది ప్రకృతి నియమం కాదు, హెచ్చరిక. విన్నవాళ్ళు విన్నారు. ఆయన సూత్రాన్ని తప్పని నిరూపించడం ఆయనకు ఈ ఆట ఇచ్చిన బహుమతుల్లో అన్నిటికంటే పెద్దదని నాకనిపిస్తుంది.

హాల్ ఆఫ్ ఫేమ్ సన్మానం జరిగేది ఒక సాయంత్రం, భోజనాల బల్లల మధ్య. ఇంకో సన్మానం రోజూ జరుగుతుంది, విమానంలో, ఇంజను హోరులో. తలుపు తెరవడానికి కాస్త ముందు ప్రతి ఒక్కరూ తమ కట్టును, పక్కవాళ్ళ కట్టును మూడు మూడుగా చూసుకోవాలన్నది అక్కడి పద్ధతి. హార్నెస్ బిగించే మూడు చోట్లు, లాగాల్సిన మూడు పిడులు, వాటన్నిటికంటే ముందు మూడు రింగులు. పక్కవాడి భుజం దగ్గరికి వంగి చూస్తారు. పెద్దదానిలోంచి నడిమిది, నడిమిదానిలోంచి చిన్నది, చిన్నదాని మీద ఉచ్చు, ఉచ్చులో పసుపుపచ్చ తీగ. రెండో భుజం కూడా చూస్తారు. బొటనవేలు ఎత్తి చూపిస్తారు. తలుపు తెరుచుకుంటుంది.